పెరడు తవ్వకుండా మురుగు గొట్టం మార్చవచ్చునా?

మీ ఇంటి మరుగుదొడ్డి నుండి సెప్టిక్ ట్యాంకు వరకు నేలలో ఉన్న గొట్టం వయసెంతో మీకు తెలుసునా? మంచినీటి గొట్టం పగిలితే ఆ పూటే మేస్త్రీకి కబురు పెడతాము. మురుగు గొట్టం పగిలితే ఏళ్ల తరబడి తెలియదు; తెలిసినా, గచ్చంతా పగలగొట్టవలసి వస్తుందని వాయిదా వేస్తాము. ఆ వాయిదా వలన కలిగే హాని మన ప్రహరీ గోడ దగ్గర ఆగదు. ఒక వైద్యుడు గొట్టాల గురించి వ్రాయడానికి కారణం ఇదే.

మా అనంతగిరి సూర్యాపేట జిల్లాలో, కోదాడకు చేరువలో ఉన్నది. వికారాబాద్ కొండల అనంతగిరి వేరు. ఇక్కడ ఏ ఇంటి మురుగు ఆ ఇంటి ట్యాంకులోకే పోతుంది. కోదాడ ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. కాలువకు నీరు వదిలిన నెలలలో భూగర్భ జలం పైకి వస్తుంది. అప్పుడు మురుగుకూ బోరు నీటికీ నడుమ వడపోతగా పనిచేసే మట్టి పొర పలుచబడుతుంది. నల్లా నీరే తాగుతున్నాము కదా అని నిశ్చింతగా ఉండరాదు. సరఫరా ఆగిన గంటలలో నల్లా గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. దానికి చిన్న చిల్లున్నా చుట్టుపక్కల తడిని లోపలికి పీల్చుకుంటుంది. టైఫాయిడ్, కామెర్లు, కలరా, జిగట విరేచనాలు ప్రవేశించే దారి ఇదే. హెపటైటిస్-ఇ అనే కామెర్లు గర్భిణులకు ప్రాణాంతకం కూడా కావచ్చును.

వైద్య చరిత్రలో ఇందుకు గొప్ప సాక్ష్యమున్నది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా సోకి ఆరువందల మందికి పైగా మరణించారు. వీధి పంపు నీరే కారణమని డాక్టర్ జాన్ స్నో వాదించి, దాని పిడి తీయించారు. మరుసటి ఏడు ఆ చోట తవ్వి చూడగా, పంపు పక్కనున్న 40వ నంబరు ఇంటి మురుగు గుంత, దాని కాలువ ఇటుకలు శిథిలమై కనిపించాయి. బావికీ ఆ గుంతకూ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఆ ఇంట జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఆ గుంతలోనే పోశారు. ఒక ఇంటి మురుగు గుంత వీధి మొత్తానికి మృత్యుద్వారమైనది.

ఇక మా ఇంటి సంగతి. పక్కింటి పెద్దమ్మ ఒకనాడు వచ్చి, "డాక్టర్ సారూ, బోరు నీళ్లు ఒక తీరు వాసనొస్తున్నయి" అన్నది. ఆ నీటిని పరీక్ష సీసాలో పోసి ఉంచగా మరునాటికి నల్లబడింది. అంటే మలసంబంధమైన క్రిములు ఉన్నట్లు అనుమానించాలి. మా మురుగు గొట్టం ఆమె బోరు వైపుగానే పోతుంది. నాన్నగారి కాలంలో వేసిన కాల్చిన మట్టి గొట్టాలవి. పైన సిమెంటు గచ్చు, దాని నడుమ ఆయన నాటిన వేపచెట్టు. "మొత్తం పగలగొట్టాలె, చెట్టు గూడ పోతది" అన్నాడు మేస్త్రీ.

రోగిని పరీక్షించక ముందే కత్తి పట్టరాదని మాకు నేర్పుతారు. అందుచేత హైదరాబాదు నుండి కెమెరా తెప్పించి గొట్టంలోకి పంపించాము. అది అచ్చం ఎండోస్కోపీయే. రెండు అతుకుల వద్ద వేప వేళ్లు జొరబడి ఉన్నవి. ఒకచోట నిలువు పగులు. ట్యాంకు దగ్గర చివరి ఆరడుగులు కుంగిపోయి మురుగు నిలిచి ఉన్నది.

తవ్వకుండా బాగుచేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది, పాత గొట్టంలోనే కొత్త గొట్టం పోయడం. రెసిన్‌లో నానబెట్టిన మెత్తని తొడుగును లోపలికి పంపి, గాలితోనో నీటితోనో ఉబ్బించి, వేడితో గట్టిపరుస్తారు. రక్తనాళంలో స్టెంట్ అమర్చినట్లన్నమాట. 1971లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు లండన్‌లోనే దీనిని తొలిసారి ప్రయోగించాడు. రెండవది, ఇరువైపులా చిన్న గుంతలు తీసి, శంకువు వంటి ఉక్కు ముక్కును గొట్టం గుండా లాగడం. అది పాత గొట్టాన్ని పగలగొట్టి పక్కలకు నెడుతూ, తన వెనుక కొత్త హెచ్‌డీపీఈ గొట్టాన్ని లాక్కొస్తుంది. పొలాలలో మన రైతులు వాడే నల్ల గొట్టం జాతే అది.

అయితే వీటికీ హద్దులున్నాయి. గొట్టం పూర్తిగా కూలితే తొడుగు పోదు. వాలు తప్పి కుంగితే తొడుగు కూడా ఆ కుంగుడునే అనుసరిస్తుంది. పక్కనే నల్లా గొట్టమున్న చోట రెండవ పద్ధతి ప్రమాదకరం. పైన ఒట్టి మట్టే ఉండి, గొట్టం లోతు లేకుంటే, ఇద్దరు కూలీలతో తవ్వించి పీవీసీ వేయించడమే మేలు. యంత్రం కోసం హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మేము గచ్చు కింద భాగానికి వేళ్లు కోయించి తొడుగు వేయించాము. కుంగిన ఆరడుగులు మాత్రం తవ్వించాము. చెట్టు నిలిచింది. పెద్దమ్మ బోరును బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేయించి, కొన్ని వారాల తరువాత మళ్లీ పరీక్షించాము. ఈసారి సీసా నల్లబడలేదు.

ఇంకొక మాట. ఈ పనికి ముందు ట్యాంకు ఖాళీ చేయించవలసి ఉంటుంది. మోటారు బండితోనే తోడించండి, మనిషిని దింపకండి. రక్షణ సామగ్రి లేకుండా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అక్కడ చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువైతే వాసన తెలిసే శక్తినే చంపివేస్తుంది; లోపలి మనిషికి హెచ్చరిక అందదు. కాపాడబోయి దిగినవాడూ దక్కడు. మన గచ్చు కన్నా, మన ఖర్చు కన్నా ఆ ప్రాణం విలువైనది.

గొట్టం వయసు తెలియనివారు ఈ వారమే ఒక పరీక్ష చేయండి. ట్యాంకు చివర గొట్టానికి గట్టిగా బిరడా బిగించి, పై చివర వరకు నీరు నింపి, గుర్తు పెట్టండి. అరగంటలో మట్టం దిగితే ఆ నీరు నేలలోకి పోతున్నట్లే. పరీక్ష కాగానే బిరడా తీయడం మరువకండి. మట్టం దిగినట్లయితే బోరు నీటిని కాచి తాగుతూ, పక్కింటివారికి కూడా ఆ సంగతి చెప్పండి.