గొంతు ఎక్కడ ఆగింది?

మిక్సర్ అనగానే మనకి గుర్తొచ్చేది కొబ్బరి పచ్చడి. కానీ కంప్యూటర్లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లో కూడా ఒక మిక్సర్ ఉంటుందండోయ్! అది కలిపేది గొంతుల్ని.

మా అత్తగారికి 84 ఏళ్ళు. జోలపాటలు, ఊడ్పుల పాటలు, అప్పగింతల పాటలు అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు ఒక మైకు తెచ్చి, రీపర్ అనే సాఫ్ట్‌వేర్లో ఆవిడచేత పదకొండు పాటలు పాడించాడు. నెల తిరక్కుండా ఆవిడకి జబ్బు చేసింది. ఇప్పుడు మాట వస్తోంది గానీ పాట రావడం లేదు.

ఉగాదినాడు ఆవిడ పాట ఆవిడకే వినిపిద్దామని తెరిచాను. తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. శబ్దం మాత్రం లేదు! నా ప్రాణం ఉసూరుమంది.

హాస్టల్లో ఉన్న మావాడికి ఫోన్ చేశాను.

"పిన్నీ, మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసెయ్!" అన్నాడు.

"కుళాయిలో నీళ్ళు రాకపోతే ఇల్లు పడగొడతామా నాన్నా?" అన్నాను.

నిజమే కదా, మీరే చెప్పండి. నీళ్ళు రాకపోతే ముందు ట్యాంకు చూస్తాం, తర్వాత గొట్టం, తర్వాత కుళాయి. శబ్దానికీ అదే దారి. ఒక్కొక్క గొంతుకీ ఒక ట్రాకు. ట్రాకులన్నీ చివరికి మాస్టర్‌లో కలుస్తాయి. అక్కణ్ణించి స్పీకరుకి.

ట్రాకు మీద గీతలు ఆడుతున్నాయంటే పాట క్షేమంగా ఉందన్నమాట. ట్యాంకు నిండుగానే ఉంది! ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిక్సర్లో మీటలు మనం ఎంత పైకీ కిందకీ జరిపినా, డిస్కులో దాచిన అసలు రికార్డు చెక్కు చెదరదు. అందుకే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తర్వాత మాస్టర్ చూశాను. అక్కడ గీత కదలడం లేదు. అంటే తప్పు స్పీకరుది కాదు. ట్రాకుకీ మాస్టర్‌కీ మధ్య ఎక్కడో అడ్డు పడింది. మ్యూట్ నొక్కి ఉందా? లేదు. వేరే ట్రాకు మీద సోలో నొక్కితే మిగతావి మూగబోతాయి. అదీ లేదు.

ఇక మిగిలింది దారి. ట్రాకు మీదున్న రూట్ బొత్తాం నొక్కితే, ఆ శబ్దం ఎక్కడెక్కడికి పోతోందో చూపించే చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో 'మాస్టర్ సెండ్' గడిలో టిక్కు లేదు! అత్తగారి గొంతు ఒక బస్సుకి మాత్రం పోతోంది. బస్ అంటే నాలుగు ట్రాకుల శబ్దాన్నీ ఎక్కించుకుని ఒకే దారిన తీసుకుపోయేది. మన ఆర్టీసీదే అనుకోండి! మావాడు గొంతుకి గుడి మంటపంలో పాడినట్టు ప్రతిధ్వని తెప్పించాలని ఆ బస్ పెట్టాడట. తర్వాత దాన్ని మ్యూట్ చేసి, అలాగే వదిలేసి హాస్టలుకి చెక్కేశాడు. సాఫ్ట్‌వేర్ దోషం ఇసుమంతైనా లేదు.

ఆ బస్సుని తెరిస్తే శబ్దం వస్తుంది. కానీ దాన్ని ఉత్త ప్రతిధ్వని మాత్రమే ఇచ్చేలా అమర్చాడు వాడు. నూతిలోంచి పాడినట్టుంటుంది. మా అత్తగారి గొంతుకి ఆ హంగులెందుకు? బస్సుని అలాగే ఉండనిచ్చి, మాస్టర్ సెండ్‌కి టిక్కు పెట్టాను.

గది నిండా ఆవిడ గొంతు! పాట మధ్యలో ఊపిరి తీసుకోవడం, వెనక వంటింట్లో కుక్కర్ కూత, అన్నీ వచ్చాయి.

అత్తగారు మంచం మీద కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఎలా ఉందంటారోనని ఆవిడ మొహంలోకి చూస్తున్నాను.

"అమ్మాయ్, ఒక చరణం ఎగ్గొట్టేశాను. కాగితం తీసుకో, చెబుతాను" అన్నారు.