పిల్లనగ్రోవి ఎవరిది?

కొన్నేళ్ల క్రితం, జనవరి చలిలో, ఢిల్లీలో నాటి రాజ్‌పథ్‌పై గణతంత్ర కవాతు సాధన చూడటానికి వెళ్లాను. పొగమంచులో ఒక పాఠశాల వాద్యబృందం నిలబడి ఉంది. చివరి వరుసలో వేణువు పట్టిన బాలుడు, కొంకర్లు పోతున్న వేళ్లను నోటి ఆవిరితో వెచ్చబరచుకుంటున్నాడు. సంకేతం అందగానే నిటారుగా నిలిచి వాయించాడు. చిన్నారుల సంగీతం అందరినీ అలరించిందని ఆనాడు వార్త రాశాను. ఆ వేళ్ల గురించి రాయలేదు.

ఎడ్వార్డ్ మానే 1866లో చిత్రించిన ‘ది ఫైఫర్’ను ఎప్పుడు చూసినా ఆ బాలుడే గుర్తుకొస్తాడు. ఫ్రెంచి చక్రవర్తి రక్షకదళపు ఎర్ర లాగు తొడుక్కున్న ఒక పిల్లవాడు పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. వెనుక సైన్యం లేదు, యుద్ధభూమి లేదు. బూడిదరంగు శూన్యం ఒక్కటే. నాలుగేళ్ల తర్వాత, ప్రష్యాతో యుద్ధంలో ఆ సామ్రాజ్యం కూలిపోయింది. పటంలోని పిల్లవాడు మాత్రం నేటికీ ఊదుతూనే ఉన్నాడు.

మన శిల్పులకూ వేణువు పట్టిన గొల్లపిల్లవాడు తెలుసు. సోమనాథపురం కేశవాలయంలో, 13వ శతాబ్దపు వేణుగోపాలుడి వద్ద ఆవులు సైతం మైమరచి వింటుంటాయి. అక్కడి పాట ఎవరినీ వరుసలో నిలబెట్టదు. దగ్గరకు పిలుస్తుంది, అంతే.

అయితే పసితనం దానంతటదే రక్షణ కాదని గుంటర్ గ్రాస్ హెచ్చరించాడు. 1959 నాటి ఆయన నవల ‘ది టిన్ డ్రమ్’లో, మూడేళ్ల వయసులోనే ఎదుగుదల ఆపేసుకున్న ఆస్కార్ నాజీల సభావేదిక కింద దూరి రేకు డప్పు వాయిస్తాడు. కవాతు లయ తప్పి నాట్యంగా మారిపోతుంది. అదే ఆస్కార్ తర్వాత జర్మన్ సైనికులను అలరించే బృందంలో చేరతాడు. డప్పు మారలేదు, మారింది దాన్ని వాయింపజేసే చేయి.

పిల్లలు వాయిస్తుంటే మనం ప్రశ్నించడం మానేస్తాం. ఆ మౌనమే అధికారానికి కావలసింది. రంగు ఏదైనా, జెండా ఏదైనా, ప్రతి ప్రభుత్వమూ పిల్లల గొంతును వేదిక ముందు నిలబెట్టుకోవడం అందుకే.

ఆ రోజు విరామంలో, ఆ బాలుడు పక్కనున్న మిత్రుడి కోసం ఏదో సినిమా పాట వాయించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరో కసిరారు, ఆపేశాడు. నా పుస్తకంలో అది కూడా రాసుకోలేదు. ఇన్నేళ్లకు, నేను చూసిన ఆ కవాతులో ఇంకా గుర్తున్న పాట అదొక్కటే.