సున్నాని ఎంత తిప్పినా

సత్తెనపల్లిలో మా నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉండేది. పత్తి, మిరప చేలల్లో కాలిపోయిన మోటార్లు అక్కడికి వచ్చేవి. నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా ఒక జిన్నింగ్ మిల్లు నుంచి పాత జనరేటర్ వచ్చింది. ఇంజన్ తిరుగుతోంది, వైండింగ్ బాగానే ఉంది, కరెంటు మాత్రం రాదు. చాలాకాలం మూలన పడుండటంతో, ఇనుములో మిగిలుండాల్సిన కాస్త అయస్కాంతం కూడా పోయింది. నాన్న ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి, రెండు వైర్లు ఫీల్డ్ కాయిల్‌కి ఒక్క క్షణం తాకించాడు. బల్బు వెలిగింది.

"సున్నాని ఎంత తిప్పినా సున్నానేరా. ముందు కాస్తన్నా ఉండాలి," అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "మరి భూమికి ఎవరు తాకించారు బ్యాటరీ?" అనడిగాడు.

"అదంతా నీకర్థం కాదులే నాన్నా," అన్నాను. నిజానికి నాకు తెలీదు.

పదిహేనేళ్ల తర్వాత, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు ఖగోళశాస్త్రం చదువుతుంటే అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. భూమి లోపల కరిగిన ఇనుము కదులుతూ డైనమోలా పనిచేస్తుంది. పాలపుంతలో తిరిగే వాయువూ అంతే. అక్కడి క్షేత్రం భూమి క్షేత్రంలో దాదాపు లక్షో వంతు. కానీ డైనమో ఉన్నదాన్ని పెంచగలదు, లేనిదాన్ని పుట్టించలేదు. అందుకే శాస్త్రవేత్తలు ఆ మొదటి క్షేత్రాన్ని 'విత్తనం' అంటారు. మా ఊళ్లో ఆ మాటకి వివరణ అక్కర్లేదు.

1950లో లుడ్విగ్ బీర్మన్ ఒక దారి చూపించాడు. అయనీకరించిన వాయువులో ఉష్ణోగ్రత ఒక దిక్కుకీ, సాంద్రత మరో దిక్కుకీ మారుతుంటే, తేలికైన ఎలక్ట్రాన్లని పీడనం సుడిగా తోస్తుంది. ఆ కరెంటుతో అతి బలహీనమైన క్షేత్రం పుడుతుంది. దాని పేరు బీర్మన్ బ్యాటరీ! అది చదివి కాసేపు స్క్రీన్ వైపే చూస్తుండిపోయాను.

విత్తనం అంతకన్నా ముందే, మహావిస్ఫోటనం జరిగిన తొలి సెకనులోనే పడిందని ఇంకొందరి ఊహ. 2010లో నెరోనోవ్, వోవ్క్ ఫెర్మి టెలిస్కోప్ వివరాలు పరిశీలించారు. దూరపు బ్లేజార్ల నుంచి రావాల్సిన కొన్ని గామా కిరణాలు కనపడలేదు. గెలాక్సీల మధ్య శూన్యంలో ఉన్న క్షేత్రం, వాటిని పుట్టించే ఎలక్ట్రాన్లని పక్కకి తిప్పేసిందని వాళ్ల వాదన. ఎంత క్షేత్రం? గాస్‌ని కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని వంద కోట్ల భాగాలు చేస్తే, కనీసం అంత. నక్షత్రాలే లేని చోటికి అది ఎలా చేరింది? ఇంకా తేలలేదు.

నాన్న పోయి నాలుగేళ్లు. షాపు అద్దెకిచ్చేశాం. ఆ రోజు "నాకూ తెలీదు నాన్నా" అనుంటే సరిపోయేది. జనరేటర్ ఆపేసి, ఇద్దరం కాసేపు మాట్లాడుకునేవాళ్లం.