ఆ కడుపునొప్పికి తాగుడు పేరు పెట్టకండి

మన బరంపురం తెలుగు కుటుంబాల పెద్దలకు, అక్కయ్యలకు, తమ్ముళ్లకు ఒక మాట చెప్పుకోవాలని రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఉగాది భోజనాల్లో మా అబ్బాయి సగం విస్తరి వదిలేసి లేచిపోవడం చాలామంది చూశారు. వాడికి 24 ఏళ్లు. తిన్న కాసేపటికి పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. "తాగుతున్నాడేమో, కనుక్కోండి" అని ఒకరిద్దరు మా చెవిన వేశారు. వాళ్లనేమీ అనం. మేమూ రెండు రాత్రులు, వాడు నిద్రపోయాక, నోటి దగ్గర వాసన చూశాం. ఆ సంగతి నిన్న వాడికి చెప్పుకున్నాకే ఇది రాస్తున్నాం.

అల్ట్రాసౌండ్‌లో గ్యాస్ అడ్డొచ్చి క్లోమం సరిగ్గా కనపడలేదు. సీటీలో రాళ్లు లేవన్నారు. ఆరు నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిచాయి. చివరికి రైలెక్కి విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడ ఎంఆర్ఐ తీశారు. ఈసారి బొమ్మతో పాటు అంకెలు కూడా ఇచ్చారు.

డాక్టరుగారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. మామూలు ఎంఆర్ఐలో బొమ్మను కంటితో చూసి తేలుస్తారు, జబ్బు తొలిదశలో ఉంటే కన్ను మోసపోవచ్చు. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్‌ను అయస్కాంతం లోపల రేడియో తరంగంతో కదిలిస్తే, అది మళ్లీ సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ మిల్లీసెకన్ల లెక్కే టీ1. మంచి క్లోమంలో జీర్ణరసాల ప్రోటీన్లు దండిగా ఉంటాయి కాబట్టి త్వరగా సర్దుకుంటుంది. వాపు వచ్చినా, మచ్చకట్టి గట్టిపడినా ఆ సమయం పెరుగుతుంది. క్లోమంలో కొవ్వు ఎంత శాతం ఉందో కూడా ఇలాగే కొలుస్తారు. రేడియేషన్ ఉండదు. చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి, అంతే.

మావాడి టీ1 ఎక్కువగా వచ్చింది. అయితే ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చరు. యంత్రాన్ని బట్టి, వయసును బట్టి అది మారుతుంది. నాళాల బొమ్మ, మలంలో ఎలాస్టేజ్ పరీక్ష, రక్తంలో చక్కెర అన్నీ కలిపి చూసి, దీర్ఘకాలిక ప్యాంక్రియాటైటిస్ తొలిదశ అన్నారు.

"బాబు తాగడు కదండీ, మరెలా?" అని అడిగాం. "మన దేశంలో చుక్క ముట్టనివాళ్లకూ చాలామందికి వస్తుందమ్మా. స్పింక్1 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లు కొందరు" అన్నారు. ఆ మాటకి మా ఇద్దరికీ కళ్లు నిండాయి. వాడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు భోజనంతో పాటు ఎంజైమ్ గొట్టాలు వేసుకుంటున్నాడు. సిగరెట్ పొగ దగ్గరికే వెళ్లొద్దన్నారు. ఏడాదికి మళ్లీ స్కాన్. పోల్చి చూడాలంటే అదే యంత్రం మీద తీయించుకోవాలన్నారు, అందుకే పాత సీడీ జాగ్రత్తగా దాచాం.

మనవాళ్లలో ఎవరి పిల్లలైనా ఇలా నొప్పితో వంగిపోతుంటే ముందు పరీక్ష చేయించండి. మాట తర్వాత అనొచ్చు. వచ్చే ఉగాదికి మావాడు వడ్డనకి వస్తానన్నాడు. వాడి చేతి పులిహోర తిని వెళ్లండి.