పులి–మేకకు తగిన ఇంజను

మా కరీంనగరు ప్రాంతమున ఇంజను అను మాట వినబడినంతనే నా వయస్సువారికి స్ఫురించునది రైలుబండియు గాదు, మోటారుకారును గాదు. మోటలు మూలబడిన తొలిదినములలో, బావిగట్టు మీద రేకుల పందిరి క్రింద కూర్చుండి, కోడికూతకు ముందే ఊరినంతటిని మేల్కొలిపెడి ఆయిల్ ఇంజనే. దానిని కొనుటకు పూర్వము రైతు బావి లోతు చూచెడివాడు, ఊట చూచెడివాడు, పారవలసిన మడులెన్నియో లెక్కించెడివాడు. పొరుగువాడు పది గుర్రముల బలముగల దానిని తెచ్చెను గదా యని, గంటలో అడుగంటు బావికి తానును అట్టిదానినే బిగించినవాడు ఊరివారి నోళ్ళలో చాలకాలము నానెడివాడు. అందుచేత, మంకమ్మతోటలో ఒక మేడమీది గదిలో నలుగురు పిల్లలు కూడి ఏ ఇంజను తీసికొనవలెనని మూడు వారములుగా వాదులాడుకొనుచున్నారని, వారిలో ఒకడు, పూర్వము నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడు, ఫోనులో చెప్పినప్పుడు, వీరికి పొలమెక్కడిదా యని నేను విస్తుపోయితిని.

వారి సేద్యము వేరు. బ్రౌజరులో ఆడుకొను వీడియో ఆటలు చేయవలెనని వారి సంకల్పము. అనగా, యాప్ దింపుకొనవలసిన పనియు, అందుకొరకు ఫోనులోని పెండ్లి ఫోటోలు తుడిచి చోటు చేయవలసిన అగత్యమును లేక, వాట్సాపులో వచ్చిన లింకు నొక్కినంతనే తెరమీద తెరచుకొను ఆటలు. బొమ్మను గీయుట, వేలి తాకిడిని గ్రహించుట, శబ్దము వినిపించుట, రెండు వస్తువులు ఢీకొన్నవా లేదా యని లెక్కకట్టుట, సెకనునకు 60 మారులు దృశ్యమును మార్చుట మొదలైన చాకిరి ప్రతి ఆటకును తప్పనిది గావున, ఆ చాకిరినంతటిని ముందుగనే సిద్ధపరచి మూటగట్టిన పనిముట్లకే ఈ విద్యలో ఇంజనని పేరు.

దిగువ మానేరు జలాశయము చెంత, ఉజ్వల పార్కు దరిని, 2020 జూలైలో తలుపులు తెరచిన ఐటీ టవరు ఈ పట్టణమునకు కలదు. కాని మా పిల్లలు అందులోనివారు గారు. నా శిష్యుడు బాసరలో 2008లో వెలసిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయమున, అనగా జనులందరును ట్రిపుల్ ఐటీ అనెడి దానియందు చదివినవాడు. ఇద్దరు కొండగట్టు దాపున నాచుపల్లి జేఎన్టీయూ కళాశాలలో చదువుచున్నారు. నాలుగవది బొమ్మలు వేయు పిల్ల. ఆమె ఒక్కతెయే ఆ గదిలో ప్రోగ్రాము వ్రాయనిదియు, వాదమున అందరికంటె గట్టిగా నిలిచినదియు.

నేను పోయిననాడు ముసురు పట్టియుండెను. నేలపై పరచిన జంపఖానా మీద నాలుగు ల్యాప్‌టాపులును, ఆరేడు పాత ఫోనులును, వాని నడుమ సుద్దముక్కతో గీసిన పులి–మేక గీతయు ఉండెను. వారు చేయదలచిన ఆట అదియే: త్రికోణమువలె దిగు గీతలు, అడ్డగీతలు, అవి కలియుచోట 23 స్థానములు, 3 పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని తినును. మేకలు గుంపుగూడి పులికి కదలుటకు చోటు లేకుండ కట్టివేయును. నా శిష్యుడు ఈ ఆటను వాని అమ్మమ్మగారి ఊరిలో, గుడి మండపపు రాతిమీద ఎవ్వరో చెక్కిన గీతలపై చింతపిక్కలతో నేర్చెనట.

పూర్వము బ్రౌజరు ఆటలన్నింటికిని ఫ్లాష్ అను ఒకే దిక్కు ఉండెను. 2020 డిసెంబరు 31తో దానికి మంగళము పాడిరి. వేలకొలది ఆటలు ఒక్కమారుగా మూగవోయినవి. అప్పటికే, 2011లో వచ్చిన వెబ్‌జీఎల్ వలన బ్రౌజరు ఫోనులోని చిత్రములు గీయు యంత్రభాగమును నేరుగా వాడుకొనగల్గెను. 2017 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నియు అంగీకరించిన వెబ్‌అసెంబ్లీ వలన పెద్ద పెద్ద ఇంజనులు సైతము బ్రౌజరులోనికి ప్రవేశింపగల్గినవి. దిక్కు ఒక్కటి పోయి పది దిక్కులు తెరచుకొన్నందున, మా పిల్లల మూడు వారముల కలహమునకు అవకాశము కలిగినది.

మెచ్చుకొనదగిన సంగతి యేమనగా, వారు నోటితో మాత్రమే వాదించుకొనలేదు. ఒకే చిన్న నమూనాను మూడు ఇంజనులలో చేసి, మూడింటిని ఊరిలోని సామాన్యుల ఫోనులలో తెరచి చూచిరి.

"మా అమ్మ ఫోన్ల తెరిచినం సార్. ఒకటేమో రెప్పకొట్టెలోపట వచ్చింది. ఇంకోటి చక్రం తిరుగుడే తిరుగుడు. అమ్మ ఫోన్ పక్కకువెట్టి బెండకాయలు కోసుకున్నది" అని నాచుపల్లి పిల్లవాడు చెప్పెను.

ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి యుండునని నేననుకొనను. దీని కారణము రహస్యమేమియు గాదు. 2013లో ఇంగ్లండువాడగు రిచర్డ్ డేవీ వెలువరించిన ఫేజర్ అనునది బ్రౌజరు మాతృభాషయగు జావాస్క్రిప్టులోనే పుట్టినది గావున, దాని మూటయంతయు ఒక మెగాబైటు పైచిలుకు. కుదించి పంపినచో అందులో మూడవవంతు. అర్జెంటీనాలో జన్మించి 2014లో అందరకు తెరచిపెట్టబడిన గోడాట్ అనునదియు, 2005లో కోపెన్‌హేగన్‌లో వెలసిన యూనిటీ అనునదియు, కంప్యూటరుకు, ఫోనుకు, బ్రౌజరుకు కూడ పనికివచ్చు సర్వంకషమైన యంత్రములు; ఆట చిన్నదైనను ఇంజను తన సంసారమునంతటిని వెంటబెట్టుకొని వచ్చును. గోడాట్ నాలుగవ కూర్పులో ఆ ఒక్క ఫైలే విప్పినచో 30 మెగాబైట్లకు పైమాట. రాని వానికొరకు ఎదురుచూచుటయే కథగా గల బెకెట్ నాటకము నుండి దాని పేరు గైకొన్నారని విని నేను నవ్వితిని. పిల్లలకు ఆ పరిహాసము అంతగా రుచింపలేదు.

అయినను, బరువొక్కటియే చూచిన నిర్ణయము ఆనాడే ముగిసియుండెడిది. ఆ బొమ్మలు వేయు పిల్ల అడ్డుపడెను: "నేను కోడ్ రాయ సార్, బొమ్మ వేస్త. గోడాట్‌ల అయితె పులి ఏడ కూసోవాలె, గడ్డి ఏడ ఉండాలె, నా చేత్తోని నేనే పెట్టుకుంట. ఫేజర్ల పెట్టాలంటె ప్రతీదానికి వీన్ని బతిమాలాలె." ఆమె మాటలో సత్యమున్నది. గోడాట్‌లో దృశ్యమును కంటితో చూచుచు అమర్చుకొను కార్యస్థానము ఇంజనుతోనే వచ్చును. ఫేజర్ మూటలో అట్టిది లేదు, అమరిక యంతయు వ్రాతలోనే జరుగవలెను. ఇంజను బరువు ఆడువారి ఫోనుమీద పడును. ఇంజనులోని లేమి ఆటను చేయువారి మెడమీద పడును. ఈ రెండవ బరువును లెక్కింపనివారే నలుగురిలో ముగ్గురు.

నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది మాత్రము ఈ రెండును గావు. వారి రెండవ ఆట అష్టాచెమ్మా. దాని పేరు ఒక నమూనాలో తెరమీద ఎట్లు కనబడెనో వారు నాకు చూపిరి: 'అష్‌టాచెమ్‌మా'. ఒత్తులన్నియు ఊడి, పొల్లులు పైకిలేచి, నలుబది యేండ్లు నల్లబల్లమీద ఒత్తులు దిద్దించిన నా కన్నులకు ఆ దృశ్యము ముఖమున కొట్టినట్లుండెను. కంప్యూటరులో 'ష్టా' అనునది ఒక అక్షరము గాదట. ష, పొల్లు, ట, దీర్ఘము అని నాలుగు గుర్తులు వరుసగా నిలిచియుండును. ఆ నాలుగింటిని చదివి, పొల్లును మింగి, టకారమును ఒత్తుగా మార్చి షకారము క్రిందికి దింపి, దీర్ఘమును తలమీద కెక్కించు పని ప్రత్యేకముగ ఒక ప్రోగ్రాము చేయవలెను. 26 అక్షరములను వరుసగా పేర్చిన చాలునను తలంపుతో ఆంగ్లముకొరకు కట్టిన ఆటలలో ఆ పనివాడు ఉండడు.

అట్టి పనివారిలో ప్రసిద్ధుడు హార్ఫ్‌బజ్. పేరు పారసీ మాటలది. హర్ఫ్ అనగా అక్షరము. నిజాము కాలమున ఉర్దూ మాధ్యమమున చదివిన మా తండ్రిగారు ఉత్తరములలో 'హర్ఫ్' అను మాటనే వాడెడివారు గావున, తెలుగు ఒత్తును తెలుగు ఒత్తుగా నిలుపు ఆ ప్రోగ్రామునకు ఆ పేరుండుట నాకు చుట్టరికమువలె తోచినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో అది యున్నది. ఫేజర్ మామూలు వ్రాతను తాను వ్రాయక బ్రౌజరుచేత వ్రాయించును గావున, అందులో తెలుగు అప్రయత్నముగ సరిగా వచ్చును. ముందుగా అక్షరముల బొమ్మలు గీసి అతికించు పద్ధతి నవలంబించినచో మాత్రము అందును ఒత్తులు ఊడును. గోడాట్ 2023 మార్చిలో వచ్చిన నాలుగవ కూర్పునుండి హార్ఫ్‌బజ్‌ను తనలోనే చేర్చుకొన్నది. అయితే బ్రౌజరులో నడచునప్పుడు ఫోనులోని తెలుగు ఫాంటు దానికి దక్కదు. మనమే ఒకటి మూటలో పెట్టి పంపవలెను. పిల్లలు 'సురవరం' అను ఫాంటును పెట్టియుండిరి. ఆ పేరు వినగానే గోలకొండ పత్రికను నడపిన ప్రతాపరెడ్డిగారు కన్నులయెదుట మెదలి, నేను కాసేపు వాదమును వినుట మానితిని.

ఇంజనులను వాడుకొను షరతుల సంగతి త్వరగా ముగింతును. 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ, ఒక హద్దు దాటిన ఆట ఆపై ఎన్ని మారులు స్థాపింపబడిన అన్ని మారులు రుసుము చెల్లించవలెనని ప్రకటింపగా లోకమంతట గగ్గోలు పుట్టినది. ఏడాదికి, 2024 సెప్టెంబరులో, ఆ రుసుమును రద్దుచేసిరి. పైరు పొట్టమీద నుండగా కౌలు మార్చిన ఆసామిని, తరువాత మార్పు మానుకొన్నను, కౌలుదారు మరచునా? ఫేజరును గోడాటును ఎమ్ఐటీ లైసెన్సు క్రింద నున్నవి; కౌలు లేదు, పాలు లేదు. కన్‌స్ట్రక్ట్ అనునది బ్రౌజరులోనే కూర్చుండి ఆటను చేయనిచ్చునంతటి సుకుమారమైనది గాని యేటేట చందా కట్టవలెను. పిల్లలకు గది కిరాయియే భారముగా నున్నది. డిఫోల్డ్ అను మరియొకటి తేలికదని విన్నారు, కాని దాని లువా భాష నలుగురిలో ఎవ్వరికిని రాదు. నా మట్టుకు నేను అడిగినది ఒక్కటే: గీతలమీద కదలు మూడు పులులకును పదునైదు మేకలకును గురుత్వాకర్షణము, గాలిదెబ్బ, నీడలు లెక్కించు యంత్రమెందుకు? దానికి బాసర పిల్లవాడు, "రేపు దుంకే ఆట చేస్తం గద సార్" అనెను. రేపటి ఆటకొరకు నేటి ఇంజను కొనుట మా ఊరి రైతులును ఎరిగిన వ్యాధియే.

మరునాడు వారితో కలిసి నిర్మలు పోయితిని. పులికిని మేకకును నిర్మల్ బొమ్మల రూపు కావలెనని ఆ పిల్ల కోరిక. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోయి, సోన్ వద్ద గోదావరి దాటి, మధ్యాహ్నమునకు నకాషీల, అనగా బొమ్మల పనివారి, పనిశాల చేరితిమి. ఒక పెద్దమనిషి కాళ్ళనడుమ చిన్న మొద్దు నొక్కిపట్టి చెక్కుచుండెను. రెండడుగుల దూరమున మరియొకడు చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపి, అతుకులమీద లప్పము పూయుచుండెను. పూసినది ఆరి, సుద్ద పట్టించి, నునుపుచేసి, ఆ తరువాత గాని రంగు తగులదు. ఆదిలాబాదు అడవి టేకునకు పేరుపొందినది గదా, బొమ్మకు ఈ పొనికి కర్రయే యేల యని నేనడిగితిని.

"టేకు తలుపులకు సారు. గీ ముక్కు, గీ చెవి టేకుల చెక్కాలంటె ఉలి మొండికేస్తది. పొనికైతె మెత్తగుంటది, అల్కగుంటది, ఎండినంక ఎంటనే పగులది. పిల్లగాడు చేతవట్టుకునేదానికి బరువెందుకు? గాని ఇప్పుడు పొనికే దొరుకుతలేదు."

పులులను నాలుగు వైపులనుండి ఫోటో తీసి ఆటలో పెట్టుకొందుమని పిల్లలు చెప్పగా, ఆయన ఉలి దింపి, "మా బొమ్మ మీ ఫోన్ల ఆడితె మాకేమొస్తది బిడ్డా?" అని అడిగెను. జవాబు సిద్ధముగా లేదు. కొంత తర్జనభర్జన జరిగిన పిదప, మూడు భంగిమలలో మూడు పులులను, ఒక మేకను చెక్కించి, ఆయన అడిగిన వెల ఇచ్చుటకును, ఆట ముఖపుటముననే నిర్మల్ పనివారి పేరు వేయుటకును ఒప్పుకొనిరి. మేక ఒక్కటియేనా యని ఆయన మరల అడిగి, సంగతి తెలిసికొని, "ఒక్క మేకకు పైసలిచ్చి పదిహేను మేకలను ఆడిస్తరా! మంచిగనే ఉన్నది మీ దందా" అని బిగ్గరగా నవ్వెను. నవ్వులో కొంత నిష్ఠూరమును లేకపోలేదు. ఆ ప్రశ్న పూర్తిగా తీరినదని నేనును చెప్పజాలను.

తిరుగు ప్రయాణమున బస్సులో వాదము సోన్ వంతెన రాకముందే ముగిసెను. పులి–మేకయు, అష్టాచెమ్మాయు ఫేజరులో. గీతల అమరికను ఆ పిల్ల కాగితముమీద కొలతలతో వేసి ఇచ్చుటకును, ఆ కొలతలను ఒక్క చుక్కయు జరుపకుండ వ్రాయుటకు నా శిష్యుడు బద్ధుడగుటకును ఒడంబడిక. రేపటి దుముకు ఆట గోడాట్‌లో, ఆమె చెప్పినట్లు.

ఇరువది రెండు దినముల తరువాత నా ఫోనుకు లింకు వచ్చినది. వేలితో ఒకమారు తాకువరకు శబ్దము రాలేదు. అది బ్రౌజర్ల కట్టుబాటట, ఆట దోషము గాదు. ఒత్తులన్నియు ఉన్నచోట ఉన్నవి. పులుల పక్షమున మూడు ఆటలు ఆడి, మూడును ఓడితిని. వారికి ఇప్పుడొక చిక్కు మిగిలినది: ఊరికొక తీరుగా గీత మారుచున్నదని తెలిసి, ఎన్ని తీరులున్నవో సేకరించుచున్నారు. పాఠకులలో ఎవ్వరి ఊరిలోనైన గుడి అరుగుమీదనో, చావడి బండమీదనో పులి–మేక గీత చెక్కియున్నచో, దానిమీద సిమెంటు పూయకముందే ఒక ఫోటో తీసి యుంచుడు.