కారు ఊపిరి

కారు నడుపు స్త్రీలు నేడు పెక్కుమంది కలరు. యాక్సిలరేటరును కాలితో నొక్కినంతనే ఇంజనులోనికి పెట్రోలు ప్రవహించునని చాలమంది తలంపు. కాని పెట్రోలు కారులో మన కాలు మొదట విడుచునది పెట్రోలును కాదు, గాలిని.

ఇంజనులోనికి గాలి పోవు త్రోవలో థ్రాటిల్ బాడీ యను లోహపు భాగము కలదు. అందు గుండ్రని పలుచని రేకొకటి ఇరుసుపై తిరుగుచు తలుపువలె తెరచుకొనును. అది తెరచుకొనిన కొలది గాలి హెచ్చును. ఆ గాలి కొలతను బట్టి కంప్యూటరు పెట్రోలును చిమ్మించును. తూకమున 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సరిపోవును. గాలి చాలని పొయ్యి పొగలు గ్రక్కుట మనమెరుగనిది కాదు గదా!

కొన్నేండ్లకు ఆ రేకు అంచున మసి పేరుకొనును. అప్పుడు బండి కదలక ఇంజను మాత్రము నడుచువేళ వణకు పుట్టును. ఒక్కొక్కప్పుడు ఇంజను ఆగిపోవును. మా బండికిట్లు కాగా, ఒక మరమ్మతుశాల యజమాని ఆ భాగమునే మార్పవలెననెను. "ముందు మసి తుడిచి చూపుడు" అంటిని. తుడిచినంతనే వణకు తీరెను. క్రొత్తదాని వెల మిగిలెను.

కావున సొమ్ము చెల్లించుటకు ముందు, ఏది చెడినదో, ఏల చెడినదో అడిగి తెలిసికొనుడు. ఇల్లు దిద్దుకొను నేర్పులో ఇదియు నొక భాగమే.