అమ్మ సంతకం



జూన్ సంచికకు నాన్న గురించి నాలుగు మాటలు రాయమని స్కూలు వాళ్లు అడిగారు. మా పిల్లలిద్దరూ ఈ బ్రాంచిలోనే చదువుతున్నారు, ఒకరు నాలుగో తరగతి, ఒకరు ఏడు. మేం సుల్తాన్‌పూర్‌లో ఉంటాం. ఇక్కడి మెడికల్ డివైసెస్ పార్కులో ఒక కంపెనీలో నాది క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. 2017లో ఈ పార్కు మొదలైనప్పుడు మా నాయన స్కూటర్ మీద వచ్చి, రోడ్డు మీద నిలబడి చూసి, "మా కాలంల ఇటు దిక్కు అన్నీ రాళ్లు, తుమ్మచెట్లే" అన్నాడు. మరుసటి ఏడాదే పోయాడు.

ఆయన పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. మూడు షిఫ్టుల ఉద్యోగం. ఏ షిఫ్టు పడినా ఇంట్లో రెండు పనులు మాత్రం ఆయనవే: మంచినీళ్లు, రాత్రి ప్రార్థన.

నీళ్ల సంగతి మీలో పాతవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, చుట్టుపక్కల బావులూ బోర్లూ పాడైన రోజులవి. నాయన సైకిలుకు రెండు డబ్బాలు కట్టుకుని, మంచి బోరున్న చోటికి పోయి తెచ్చేవాడు. నీళ్లు మోయడం ఆడవాళ్ల పని అని వాడకట్టులో నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వి, డబ్బాలు దించి, మళ్లీ పోయేవాడు. అమ్మ పొద్దంతా జాకెట్లు కుడుతుంది, ఆమె నడుముకు ఇంకో బరువెందుకు అనేది ఆయన లెక్క.

ఆదివారం చర్చి తప్పదు. మాది మెదక్ డయోసిస్ కింది సీఎస్ఐ చర్చి. ఓవర్‌టైంకు రెట్టింపు జీతమని చట్టంలోనే ఉంది, మా ఫీజులకు ఆ డబ్బు ఎంత అవసరమో ఆయనకు తెలియనిది కాదు. మిగతా రోజుల్లో ఎంత ఓటీ అయినా చేసేవాడు గానీ ఆదివారం పొద్దున మాత్రం చేసేవాడు కాదు. షిఫ్టు ఆదివారం పడితే ఒక ముస్లిం దోస్తు ఆయన బదులు దిగేవాడు. ఆ దోస్తు శుక్రవారం నమాజుకు పోయే సమయంలో మెషీన్ నాయన చూసుకునేవాడు. ఇరవై ఏళ్లకు పైగా వాళ్లిద్దరి మధ్య ఈ ఒప్పందం నడిచింది. ఎక్కడా కాగితం మీద లేదు.

అన్నీ మెచ్చుకోను. ఎనిమిదో తరగతిలో మా క్లాసంతా ఆదివారం నాడు నాగార్జునసాగర్‌కు పోతే నన్ను పంపలేదు. చర్చి మానకూడదన్నాడు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అసలు చెప్పదలుచుకున్నది ప్రోగ్రెస్ కార్డు సంగతి. మా అమ్మ బడికి పోలేదు. 2011 జనాభా లెక్కల్లో కూడా తెలంగాణలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు సుమారు 58 శాతమే. అమ్మ తరంలో ఎందరో మీరే ఊహించుకోండి. వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడు ఆమె కొంగుతో వేలు తుడుచుకునే తీరు నాకు ఇంకా గుర్తే. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మొదటి ప్రోగ్రెస్ కార్డు తెచ్చి సంతకానికి నాయన ముందు పెట్టాను. ఆయన చూసి, "పొద్దుగాల లేపి, జడేసి, బడికి తోలేది మీ అమ్మ. సంతకం ఆమెదే ఉండాలె" అని కార్డు నాకు ఇచ్చేశాడు. అమ్మ నవ్వులాటకు అంటున్నాడనుకుంది.

ఆ రాత్రి ప్రార్థన అయ్యాక ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తీశాడు. తెలుగు చర్చిల్లో తరతరాలుగా నడుస్తున్న పాటల పుస్తకం అది. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. అమ్మకు పదుల కొద్దీ పాటలు నోటికి వచ్చు, వాటిలో ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేదు. నాయన పలక తేలేదు, అ ఆలు దిద్దించలేదు. బాగా వచ్చిన పాట ఉన్న పేజీ తెరిచి, "పాడు" అన్నాడు. ఆమె పాడుతుంటే ఒక్కో మాట కింద వేలు జరుపుతూ పోయాడు. రోజూ అదే పాట. కొన్నాళ్లకు పాట మధ్యలో ఆపి, "ఇప్పుడు నా వేలు ఏ మాట మీదుంది?" అని అడిగేవాడు. ఆమె మొదటి నుంచీ మెల్లగా పాడుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగేది. అట్లా మాట నుంచి అక్షరానికి వచ్చింది.

నైట్ షిఫ్టు వారాల్లో చదువు ఆగేది. వత్తులు చాలా ఏడిపించాయి. ‘నాకెందుకు ఈ వయసుల’ అని అమ్మ పుస్తకం మూసేసిన రోజులున్నాయి. నాయన బతిమాలేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. మర్నాడు అదే పేజీ తెరిచేవాడు. మూడేళ్లయింది. ఈలోగా నా కార్డుల మీద సంతకం నాయనదే, కానీ ప్రతిసారీ అమ్మ పక్కన కూర్చుంటేనే పెట్టేవాడు. ఐదో తరగతి అర్ధ సంవత్సరం కార్డు మీద మొదటిసారి అమ్మ పేరు పడింది. గడి దాటి మార్కుల మీదికి ఎక్కింది. టీచరమ్మ ఏమీ అనలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు మెదక్ పోవడానికి పటాన్‌చెరులో నిలబడ్డాం. మెదక్ చర్చి గురించి మీకు తెలిసే ఉంటుంది. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే పాదిరి పని చూపించి జనానికి తిండి పెడుతూ కట్టించాడు. పదేళ్ల పని అయ్యాక 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. రంగుటద్దాల కిటికీల్లోని బొమ్మలు పొద్దున్నంత సేపే వెలుగుతాయి, అందుకని పెందలాడే బయల్దేరేవాళ్లం. అప్పటిదాకా అమ్మ ఏ బస్సు ఎక్కాలన్నా ఎవరినో ఒకరిని అడిగేది. ఆ రోజు బస్సు ఇంకా దూరంగా ఉండగానే "మె... దక్" అని చదివింది. నాయన వేరే దిక్కు చూస్తూ నిలబడ్డాడు, కళ్లు తుడుచుకోవడం మాకు కనపడకుండా.

మార్కుల విషయంలో ఆయన తీరు ఇంకోటి చెప్పాలి. తొమ్మిదిలో నాకు లెక్కల్లో 27 వచ్చాయి. అప్పుడు ఆయన డోర్నకల్ బిషప్ అజరయ్య కథ చెప్పాడు. అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని 1909లో డోర్నకల్‌కు వచ్చి, 1912లో ఆంగ్లికన్ చర్చికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు చివరి లెక్కల పరీక్ష ముందు జబ్బు పడి డిగ్రీ పూర్తి చేయలేకపోయాడు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కథ అయిపోయాక నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను. "ఆయనకు జబ్బు చేసింది, నీకేం చేయలె. పుస్తకం తియ్యి" అన్నాడు నాయన.

ఆయన పోయాక పెన్షన్ కాగితాల కోసం అమ్మను తీసుకుని ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా ఆమె చీర, వయసు చూసి అడగకుండానే ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. అమ్మ డబ్బాను మెల్లగా వెనక్కి జరిపి, నా పెన్ను తీసుకుంది. పేరు మొత్తం రాయడానికి నిమిషం పైనే పట్టింది. వెనక వరుసలో వాళ్లు ఆగారు.

ఇప్పుడు మన పిల్లల మార్కులు యాప్‌లో వస్తాయి. ‘చూశాను’ అని నొక్కితే అయిపోతుంది. ఆ బటన్ మా ఇంట్లో ఎవరు నొక్కాలనేది ఇంకా తేలలేదు. మా ఆయన నువ్వే నొక్కు అంటాడు, మా అమ్మాయి నానమ్మ నొక్కాలంటుంది. మా అత్తమ్మకు చదువు రాదు. బతుకమ్మ పాటలు మాత్రం ఎన్ని వచ్చో లెక్కలేదు.

మీ ఇంట్లోనూ అట్లాంటి పెద్దవాళ్లు ఉంటే ఒకటి చేసి చూడండి. వాళ్లకు బాగా నోటికి వచ్చిన పాటో, శ్లోకమో, దువానో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి పెట్టండి. కింద వేలు పెట్టే పని పిల్లలకు ఇవ్వండి. రోజుకు పది నిమిషాలు చాలు. పలక మీద అ ఆలతో మొదలుపెట్టకండి, పెద్దవాళ్లకు సిగ్గేస్తుంది. మా అమ్మకు మొదటి పాట పట్టుబడడానికి ఐదు నెలలు పట్టింది. రెండోది ఆరు వారాల్లో వచ్చింది.